ఎమ్మే ఇంగ్లిష్‌లో అసలు చదవాల్సింది ఏమిటి

ఎమ్మే ఇంగ్లిష్ జవాబు పత్రాలు దిద్దేవాళ్లకు ఒక మొదటి పేరా కంఠతా వచ్చేసి ఉంటుంది. కవి ఎప్పుడు పుట్టాడు, ఎక్కడ చదువుకున్నాడు, ఏయే పుస్తకాలు రాశాడు, ఎవరెవరు మెచ్చుకున్నారు. ఆ తర్వాత పేజీన్నర కథాసారం. చివర్లో ఈ రచన ప్రపంచ సాహిత్యంలో చిరస్థాయిగా నిలిచిపోయిందనే వాక్యం. అడిగిన ప్రశ్నేమో ఆ కవితలో ఒక పాదం ఎలా పనిచేస్తోందో చెప్పమని. రెండేళ్లు చదివి మంచి మార్కులతో పాసైన విద్యార్థికి ఎప్పుడూ చూడని కవిత ఒకటి ఇస్తే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోతాడు. తెలివి చాలకా కాదు, ఇంగ్లిష్ రాకా కాదు. రెండేళ్లూ పుస్తకాల గురించి చదివాడు గానీ పుస్తకాలు చదవలేదు.

తెలుగు రాష్ట్రాల విద్యార్థికి ఇంకో నష్టం కూడా జరుగుతోంది. బళ్లో గురువు, లఘువు, గణాలు, యతి, ప్రాస నేర్చుకున్నాడు. పరుషాలు, సరళాలు, గసడదవాదేశం నేర్చుకున్నాడు. తత్సమ పదాలు వందల్లో తెలుసు. పీజీలో చేరాక మాత్రం ఇవేవీ తెలియనట్టే ఇంగ్లిష్ ఛందస్సును, ధ్వనిశాస్త్రాన్ని, భాషా చరిత్రను అక్షరాభ్యాసం నుంచి బట్టీ పడతాడు. ఈ మూడింటిలోనూ తెలుగు చదువుకున్నవాళ్లకు సగం దారి ముందే తెలుసు. ఆ మాట క్లాసులో చెప్పేవాళ్లే తక్కువ.

కోర్సు రూపం

కోర్సు రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో సీటుకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ. పేపర్ల పేర్లు విశ్వవిద్యాలయాన్ని బట్టి మారినా లోపలి సరుకు దాదాపు ఒకటే: చాసర్ కాలం నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా బ్రిటిష్ సాహిత్యం, అమెరికన్ సాహిత్యం, భారతీయ ఆంగ్ల సాహిత్యం, విమర్శ, సిద్ధాంతాలు, భాషాశాస్త్రం, ఇంగ్లిష్ బోధన. హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) దారి కొంచెం వేరు. అది 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పేరుతో ఇంగ్లిష్ చెప్పే టీచర్ల శిక్షణ కోసం మొదలైన సంస్థ, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. భాష, ఉచ్చారణ, బోధన వైపు మొగ్గు ఉన్నవాళ్లకు అక్కడి కోర్సులు బాగా నప్పుతాయి.

ఈ సబ్జెక్టు మనకు ఆలస్యంగా వచ్చిందనుకుంటే పొరపాటు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో 1828లో ఇంగ్లిష్ ఆచార్య పదవి ఏర్పడింది గానీ, ఆక్స్‌ఫర్డ్ 1894లో, కేంబ్రిడ్జ్ 1917లో మాత్రమే దాన్ని పూర్తిస్థాయి డిగ్రీగా ఒప్పుకున్నాయి. మన దగ్గర 1835 నాటికే ఇంగ్లిష్ చదువుకు సర్కారు డబ్బు కేటాయించారు, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టాయి. ఆనాటి ఉద్దేశాల్లో పరిపాలన ఉంది, నీతిబోధ ఉంది. చదివే పాఠం వెనక ఈ చరిత్ర ఉందని తెలిస్తే, సిలబస్‌లో ఎవరు ఎందుకున్నారు, ఎవరు లేరు అనే ప్రశ్న దానంతటదే వస్తుంది. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ సిలబస్‌లో భారతదేశంలో ఇంగ్లిష్ చరిత్ర అనే యూనిట్ విడిగా ఉండటానికి కారణం ఇదే.

ఒక కవితను దగ్గరగా చూస్తే

షేక్‌స్పియర్ 73వ సానెట్ మన విశ్వవిద్యాలయాల్లో తరచూ కనిపించే పాఠం. 1609లో అచ్చయింది. పద్నాలుగు పాదాలు: నాలుగేసి పాదాల మూడు ఖండాలు, చివర ఒక ద్విపద. గైడులో దీని సారం ఒకే ముక్క: కవి తన ముసలితనాన్ని ఆకురాలు కాలంతో పోల్చాడు. ఇది తప్పు కాదు, కానీ దీంతో జవాబు పూర్తయిందనుకోవడమే చిక్కు. పైగా కవి 1564లో పుట్టాడు కాబట్టి అచ్చయ్యే నాటికి నలభై ఐదేళ్లవాడే. కవితలో మాట్లాడే గొంతు వేరు, కవి జీవితం వేరు అని మొదటి సెమిస్టర్‌లోనే గట్టిగా చెప్పుకోవాలి.

మొదట వాక్యం విడదీయాలి. "దట్ టైమ్ ఆఫ్ ఇయర్ దౌ మేస్ట్ ఇన్ మీ బిహోల్డ్" అన్న పాదంలో కర్త "దౌ", క్రియ "మేస్ట్ బిహోల్డ్", కర్మ మొదట్లో ఉన్న "దట్ టైమ్ ఆఫ్ ఇయర్". ఆ ఋతువును నువ్వు నాలో చూడవచ్చు అని అర్థం. కర్మ ముందు, క్రియ చివర రావడం తెలుగువాడికి సహజమైన వరుసే. అయినా ఇంగ్లిష్ వాక్యంలో మొదటి నామవాచకమే కర్త అని బళ్లో అలవాటు చేయడంతో చాలామంది ఇక్కడే తడబడతారు. పాత కవిత్వంలో సగం కష్టం మాటల్లో ఉండదు, వరుసలో ఉంటుంది. పెన్సిల్‌తో కర్త కింద ఒక గీత, క్రియ కింద రెండు గీతలు గీస్తే ఆ కష్టం తీరుతుంది.

రెండో పాదంలో ఆకుల సంగతి. పసుపుబారిన ఆకులు, లేదా అసలేవీ లేవు, లేదా కొన్ని వేలాడుతున్నాయి అంటాడు. ఇందులో వరుస చూడాలి. మామూలుగా అయితే చాలా, కొన్ని, ఏవీ లేవు అని రావాలి. ఇక్కడ ఏవీ లేవన్న తర్వాత మళ్లీ కొన్ని ఉన్నాయంటాడు. అంతా రాలిపోయిందని ఒప్పుకోబోయి, మనసొప్పక మళ్లీ చూసి ఒకటి రెండు మిగిలాయని పట్టుకున్నట్టుంది. ఈ పరిశీలన ఏ జీవిత చరిత్రలోనూ దొరకదు, మూడు మాటల క్రమాన్ని పట్టించుకున్నవాళ్లకే దొరుకుతుంది. ఇలాంటిది ఒక్కటి జవాబులో ఉంటే దిద్దేవాళ్లు ఆగి చదువుతారు.

నాలుగో పాదంలో కొమ్మలను పాడుబడ్డ "క్వైర్స్" అంటాడు, అక్కడ నిన్నమొన్నటి దాకా పక్షులు పాడాయట. క్వైర్ అంటే ఇప్పుడు పాటల బృందం. ఇక్కడ అర్థం వేరు: చర్చిలో ఆ బృందం కూర్చుని పాడే చోటు. ఎనిమిదో హెన్రీ 1536, 1540 మధ్య ఇంగ్లండులోని మఠాలను మూయించాడు, వాటి కప్పులు లేని గోడలు తర్వాతి తరాల కళ్లముందు నిలబడి ఉన్నాయి. ఆకులు రాలిన కొమ్మల వెనక ఆ గోడలు కనిపించాలంటే ఆ నాటి అర్థం తెలియాలి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు ప్రతి అర్థం కిందా అది ఏ సంవత్సరం నుంచి వాడుకలో ఉందో ఇస్తుంది. సెల్‌ఫోన్ నిఘంటువులో మొదట కనిపించిన అర్థాన్ని నాలుగు వందల ఏళ్ల నాటి కవితకు తగిలించడం వల్ల వచ్చే తప్పులే ఎక్కువ.

మూడు ఖండాలనూ కలిపి చూస్తే మొదటిది ఏడాదిలో ఒక కాలం, రెండోది ఒక రోజు సందెవేళ, మూడోది కొన్ని ఘడియల్లో చల్లారే నిప్పు. కాలం కురచవుతూ వస్తోంది. మరో సంగతి: ఋతువు మళ్లీ వస్తుంది, పొద్దు మళ్లీ పొడుస్తుంది. నిప్పు మాత్రం దేన్ని తిని బతికిందో దాని బూడిదలోనే ఆరిపోతుంది. మొదటి రెండు పోలికల్లో మిగిలిన ఆశ మూడోదానికి వచ్చేసరికి పోయింది. "మూడు ఉపమానాలూ ఒకే విషయాన్ని చెబుతాయి" అని రాసిన విద్యార్థికీ, "మూడోది మొదటి రెండింటిని కాదంటుంది" అని రాసిన విద్యార్థికీ మధ్య తేడా మార్కుల్లో స్పష్టంగా కనబడుతుంది. రెండో వాక్యం ఒక వాదన. దాన్ని పాదాల సంఖ్యలతో నిరూపించవచ్చు, ఎదుటివాళ్లు కాదనీ అనవచ్చు. సాహిత్య వ్యాసం అక్కడే మొదలవుతుంది.

గణాలు తెలిసినవాడికి అయాంబ్

ఇంగ్లిష్ పాదాలకు పెట్టిన గ్రీకు పేర్లు చూసి విద్యార్థులు బెదిరిపోతారు. తెలుగు గణాల్లో అవన్నీ ఉన్నవే. అయాంబ్ అంటే లగ, మన వగణం. ట్రోకీ అంటే గల, హగణం. డాక్టిల్ భగణం, అనపీస్ట్ సగణం. అయాంబిక్ పెంటామీటర్ అంటే ఐదు వగణాలు, మొత్తం పది అక్షరాలు. పేర్లు ఇంతే. తేడా వచ్చేది గురువు దేన్నంటారు అన్న దగ్గర.

తెలుగులో గురువు, లఘువు ఉచ్చారణ కాలాన్ని బట్టి వస్తాయి. దీర్ఘమైతే గురువు, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు, పొల్లు కలిసినది గురువు. ఇంగ్లిష్‌లో లెక్క కాలంతో కాదు, ఊనికతో, అంటే అక్షరాన్ని ఒత్తి పలకడంతో (స్ట్రెస్). పై సానెట్ మొదటి పాదమే చూడండి. ఊనిక పడేవి: టైమ్, ఇయర్, మేస్ట్, మీ, హోల్డ్. తేలికగా పోయేవి: దట్, ఆఫ్, దౌ, ఇన్, బి. మన సూత్రం పెడితే "దట్" పొల్లుతో ఉంది కాబట్టి గురువు, "దౌ" ఔత్వం కాబట్టి గురువు కావాలి. ఇంగ్లిష్ పద్యంలో అవి రెండూ బలహీన స్థానాలే. "బిహోల్డ్"లో మాత్రం రెండు లెక్కలూ కలిశాయి. తెలుగు గణవిభజన బాగా వచ్చిన విద్యార్థి స్కాన్షన్‌లో, అంటే ఇంగ్లిష్ గణవిభజనలో తప్పు చేస్తే చాలావరకు కారణం ఇదే, ఆ తప్పుకు మందు కూడా చిన్నదే: పాదాన్ని మామూలు మాటగా పైకి పలకాలి, నిఘంటువులో ఊనిక గుర్తు చూడాలి, ఆ తర్వాతే గీతలు పెట్టాలి.

ఇంకో తేడా ఉంది. ఉత్పలమాలలో ఒక్క గణం తప్పినా పద్యం తప్పు. ఇంగ్లిష్‌లో గణం తప్పడం చాలాసార్లు కవి కావాలని చేసేదే. సానెట్ నాలుగో పాదం "బేర్"తో గట్టిగా మొదలవుతుంది, చివర "స్వీట్ బర్డ్స్ సాంగ్" అని మూడు బలమైన అక్షరాలు వరసగా వస్తాయి. నడక అక్కడ బరువెక్కి నిదానిస్తుంది. పరీక్షలో "ఇది అయాంబిక్ పెంటామీటర్" అని రాస్తే ఒక మార్కు. నడక ఎక్కడ మారింది, ఆ చోట అర్థం ఏం జరుగుతోంది అని రాస్తే మిగిలినవి.

యతి విషయంలో మరో పొరపాటు జరుగుతుంటుంది. యతి అంటే విరామం అని ఎక్కడో విని, దాన్ని ఇంగ్లిష్ పాదం మధ్యలో వచ్చే సిజూరాతో సమానం చేస్తారు. సంస్కృతంలో యతి విరామమే. తెలుగులో మాత్రం యతి అంటే పాదం మొదటి అక్షరానికీ యతిస్థానంలోని అక్షరానికీ మైత్రి. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండో అక్షరం. దీనికి దగ్గరి చుట్టం ప్రాచీన ఇంగ్లిష్ పద్యంలో ఉంది. 3,182 పాదాల బేవుల్ఫ్ అంతా ఈ పద్ధతిలోనే నడుస్తుంది: పాదం రెండు సగాలు, నాలుగు ఊనికలు. రెండో సగంలో మొదటి ఊనిక ఏ హల్లుతో మొదలైతే మొదటి సగంలో ఒకటో రెండో ఊనికలు అదే హల్లుతో మొదలవ్వాలి. అచ్చులైతే ఏ అచ్చు ఏ అచ్చుతోనైనా కలుస్తుంది. మన స్వరమైత్రిలో అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు, ఇ, ఈ, ఎ, ఏ మరో జట్టు, ఉ, ఊ, ఒ, ఓ ఇంకో జట్టు అన్న నియమం ఉంది, వాళ్లకు ఆ నియమం కూడా లేదు. ఈ పోలికను ప్రాచీన ఇంగ్లిష్ పేపర్‌లో రెండు వాక్యాల్లో చూపిస్తే, అది ఏ గైడ్‌లోనూ దొరకని జవాబవుతుంది.

ఉచ్చారణ పేపర్

బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో 44 ధ్వనులు: 24 హల్లులు, 20 అచ్చులు. జాబితా బట్టీ పడితే పాసవుతారు గానీ నోరు మారదు. తెలుగు మాట్లాడేవాళ్లకు ఎక్కడ తేడా వస్తుందో తెలుసుకుని అక్కడే సాధన చేయడం మేలు.

బనియన్‌కూ పడమరకూ తెలుగు లిపిలో ఒకటే రాత, వెస్ట్. ఇంగ్లిష్‌లో రెండు వేరు ధ్వనులు. మొదటిదానికి పైపళ్లు కింది పెదవిని తాకి గాలి రాసుకుంటూ రావాలి. రెండోదానికి పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి, పళ్లు తగలకూడదు. మన వకారం ఈ రెండింటికీ మధ్యలో ఉంది కాబట్టి తేడా చెవికే ఆనదు. అద్దం ముందు సాధన చేస్తే వారంలో పట్టుబడుతుంది, ఎందుకంటే తేడా కంటికి కనిపిస్తుంది. పదం మొదట్లో వచ్చే "ప" మరో చిక్కు. ఇంగ్లిష్‌లో ఊనిక ఉన్న అక్షరం మొదట్లో ప, ట, క ధ్వనులు గాలి వదులుతూ, కొంచెం ఒత్తక్షరంలా పలుకుతాయి. మన "పిన్"లో ఆ గాలి ఉండదు, అందుకే ఇంగ్లండు చెవికి అది "బిన్" అని వినబడే అవకాశం ఉంది. అరచేయి నోటి ముందు పెట్టుకుంటే గాలి తగులుతుందో లేదో తెలుస్తుంది. "స్పిన్"లో మాత్రం గాలి ఉండదు. ఒకే ధ్వనికి ఇలా చోటును బట్టి రెండు రూపాలు ఉండటాన్నే అల్లోఫోన్ అంటారు. ఈ ప్రశ్నకు పుస్తకాల్లో ఇచ్చే ఉదాహరణ కూడా ఇదే.

భూతకాలం గుర్తు మూడు రకాలుగా పలుకుతుంది. వాక్ట్, లాఫ్ట్ అని "ట్". కాల్డ్, బెగ్డ్ అని "డ్". వాంటిడ్, నీడిడ్ అని "ఇడ్". "వాక్‌డ్", "లాఫ్‌డ్" అని పలకడం మనకు మామూలు. సూత్రం తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు కొత్తేమీ కాదు. చివరి ధ్వని గొంతు కంపించని రకం, అంటే పరుషాల జాతి అయితే తర్వాత వచ్చేది కూడా పరుషమే. కంపించే రకం అయితే సరళం. ట, డ ధ్వనుల తర్వాత మాత్రం మధ్యలో అచ్చు వస్తుంది. ద్రుతం మీద పరుషం సరళమవుతుందని చదువుకున్నవాడికి, పక్క ధ్వనిని బట్టి ధ్వని మారడం వింత కాదు. ఎవరో ఒకరు ఆ రెండింటినీ కలిపి చూపించాలి, అంతే.

వీటన్నిటికంటే ముఖ్యం ఊనిక. ఫోటోగ్రాఫ్‌లో బలం మొదటి అక్షరం మీద, ఫొటోగ్రఫీలో రెండోదాని మీద, ఫోటోగ్రాఫిక్‌లో మూడోదాని మీద. బలం లేని అక్షరాల్లో అచ్చు నీరసపడి "అ"కు దగ్గరైన పొట్టి ధ్వని అవుతుంది. దాని పేరు ష్వా, ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే అచ్చు అదే. తెలుగులో ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం కాబట్టి ఇంగ్లిష్‌నూ అలాగే పలుకుతాం. విడి ధ్వనులు సరిగ్గా ఉన్నా విదేశీ శ్రోతకు మాట అర్థం కాకపోవడానికి తరచూ ఊనికే కారణం. రోజుకు పది మాటలు నిఘంటువులో చూసి, ఊనిక గుర్తు పెట్టుకుని, ఫోన్‌లో రికార్డు చేసి నిఘంటువు ఆడియోతో పోల్చుకుంటే ఒక సెమిస్టర్‌లో తేడా తెలుస్తుంది.

తత్సమాలు తెలిసినవాడికి గ్రిమ్ సూత్రం

భాషా చరిత్రలో విద్యార్థులు ఎక్కువగా భయపడేది గ్రిమ్ సూత్రం, 1822 నాటిది. సంస్కృతానికీ ఇంగ్లిష్‌కూ మూలమైన ఇండో యూరోపియన్ మూలభాషలోని ప, త, ద లాంటి ధ్వనులు ఇంగ్లిష్ చేరిన జర్మానిక్ భాషల్లోకి వచ్చేసరికి క్రమంగా మారాయని చెబుతుంది. పట్టికగా చదివితే నిలవదు. తెలిసిన తత్సమాలు పక్కన పెట్టుకుంటే అదే నిలుస్తుంది. పకారం ఫకారమైంది: పాదం, ఫుట్, పితృ, ఫాదర్. తకారం నాలుక పళ్ల మధ్య పలికే ధ్వని అయింది: త్రి, త్రీ. దకారం టకారమైంది: దశ, టెన్, దంతం, టూత్. భకారం బకారమైంది: భ్రాతృ, బ్రదర్. సంస్కృతం పాత ధ్వనులను చాలావరకు నిలబెట్టుకుంది కాబట్టి మనకు ఎడమ వరుస ఉచితంగా దొరికినట్టే.

ఒక మెలిక ఉంది. పితృ, భ్రాతృ రెండింటిలోనూ మధ్యలో తకారమే. కానీ ప్రాచీన ఇంగ్లిష్‌లో సోదరుడి మాటలో సూత్రం ప్రకారం మార్పు వచ్చింది, తండ్రి మాటలో మాత్రం డకారం వచ్చింది. గ్రిమ్‌కు ఇది అంతుపట్టలేదు. కార్ల్ వెర్నర్ 1875లో జవాబు కనిపెట్టాడు: వైదిక సంస్కృతంలో భ్రాతృ శబ్దానికి ఉదాత్తం (ఎత్తి పలికే స్వరం) మొదటి అచ్చు మీద, పితృ శబ్దానికి చివర. స్వరం ముందున్న చోట ఒక మార్పు, తర్వాత ఉన్న చోట మరో మార్పు. వేదపాఠంలోని స్వరం ఇంగ్లిష్‌లో తండ్రి పేరు ఎందుకు అలా ఉందో చెప్పింది. భాషాశాస్త్రంలో ఇంత అందమైన రుజువులు చాలా అరుదు.

ఈ పోలికలు చూసి తెలుగు కూడా అదే కుటుంబం అనుకునేవాళ్లు ఉంటారు. పై మాటలన్నీ తెలుగు అరువు తెచ్చుకున్నవి. మన సొంత మాటలు అడుగు, తండ్రి, మూడు, పది, పన్ను ఆ పట్టికలో ఇమడవు. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలోనే చూపించాడు.

స్పెల్లింగు గందరగోళానికి కూడా చరిత్రలోనే జవాబుంది. సుమారు 1400, 1700 మధ్య ఇంగ్లిష్ దీర్ఘాచ్చులన్నీ నోట్లో స్థానం మార్చుకున్నాయి. కాక్స్టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చు యంత్రం పెట్టింది 1476లో. ఉచ్చారణ ఇంకా మారుతుండగానే రాత అచ్చులో గడ్డకట్టడం మొదలైంది. "నైఫ్" మొదట్లో పలకని అక్షరం ఒకప్పుడు పలికినదే.

నవల, సిద్ధాంతం

నవల విషయంలో ప్రధాన శత్రువు కాలం. గంటకు 25 పేజీలు చదివే విద్యార్థికి 500 పేజీల నవల 20 గంటల పని. రోజుకు గంటన్నర కేటాయిస్తే రెండు వారాలు. పరీక్షకు నాలుగు రోజుల ముందు మొదలుపెడితే సారాంశమే గతి. సెమిస్టర్ మొదలవకముందే పెద్ద నవలలు ముగించి, క్లాసు జరిగేటప్పుడు గుర్తు పెట్టుకున్న పేజీలు మళ్లీ చదవడం ఒక్కటే పనిచేసే పద్ధతి. చదివేటప్పుడు కథ నోట్సు రాసుకోవద్దు. పేజీ నంబరు, ఆ పేజీలో వింతగా అనిపించిన ఒక్క మాట చాలు.

నవలలో తప్పకుండా పట్టుకోవాల్సిన పనితనం ఒకటి ఉంది, ఫ్రీ ఇన్‌డైరెక్ట్ డిస్కోర్స్. జేన్ ఆస్టెన్‌ను చదవాలంటే ఇది తెలియాలి. తెలుగులో "రేపు వస్తాడా అని ఆమె అనుకుంది" అంటే మాట ఎవరిదో "అని" చెప్పేస్తుంది. "ఆమె కిటికీ దగ్గర నిలబడింది. రేపు వస్తాడా? ఎందుకు వస్తాడు!" అంటే "అని" పోయింది, ఆమె మనసులో మాట కథకుడి గొంతులో కలిసింది. ఇంగ్లిష్‌లో అదే వాక్యం "వుడ్ హీ కమ్ టుమారో" అవుతుంది. క్రియ కథకుడి భూతకాలంలో ఉంటుంది, "టుమారో" మాత్రం పాత్ర నిలబడ్డ రోజు నుంచి లెక్క. ఆ ఒక్క వాక్యంలో రెండు గొంతులు ఉన్నాయి. దీన్ని గమనించనివాళ్లు పాత్ర అపోహను రచయిత్రి అభిప్రాయమని రాసేస్తారు.

సిద్ధాంతాల పేపర్‌లో జరిగే తప్పు వేరే రకం. భాషావేత్త సోస్యూర్ పాఠాలు 1916, విమర్శకుడు రిచర్డ్స్ పేరులేని కవితలిచ్చి కేంబ్రిడ్జ్ విద్యార్థుల స్పందనలు విశ్లేషించిన పుస్తకం 1929, ఎడ్వర్డ్ సయీద్ ఓరియంటలిజమ్ 1978 అని పట్టిక వస్తుంది. ఆ తర్వాత ప్రతి కథకూ ఒక ముద్ర వేస్తారు: ఇది స్త్రీవాదం, ఇది వలసానంతరవాదం. ముద్ర వేయడం విశ్లేషణ కాదు. సిద్ధాంతం ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ కథలో మాట్లాడే హక్కు ఎవరికి ఉంది, ఎవరి గురించి అందరూ మాట్లాడుతున్నా వాళ్లకు ఒక్క సంభాషణ కూడా ఎందుకు లేదు? ఆ ప్రశ్నకు జవాబు మళ్లీ పేజీల్లోనే వెతకాలి.

రాయడం, పరీక్షలు

అసైన్‌మెంటైనా డిసర్టేషనైనా పేరాకు ఒక వాదన, దానికి పాఠం నుంచి ఒక ఆధారం, ఆ ఆధారం వాదనను ఎలా నిలబెడుతుందో రెండు మూడు వాక్యాలు. మన విద్యార్థులు మూడోది వదిలేస్తారు. ఉటంకింపు పెట్టి "దీన్నిబట్టి తెలుస్తోంది" అని ముందుకు వెళ్లిపోతారు.

ఆధారాలు చూపే ఎమ్ఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతి తొమ్మిదో ముద్రణ 2021లో వచ్చింది. వాక్యం చివర బ్రాకెట్లో ఇంటిపేరు, పేజీ నంబరు మాత్రమే. మధ్యలో కామా ఉండదు, "పేజీ" అన్న మాటా ఉండదు. నాటకానికి అంకం, దృశ్యం, పాదం మధ్య చుక్కలు. వచనం నాలుగు పంక్తులు దాటితే, పద్యం మూడు పాదాలు దాటితే ఉటంకింపు గుర్తులు తీసేసి అర అంగుళం లోపలికి జరపాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పరిశోధన రచనలో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40, 40 నుంచి 60, 60 పైన అని మూడు స్థాయిల్లో చర్యలు ఉంటాయి. అంతకన్నా ప్రమాదకరమైనది సాఫ్ట్‌వేర్‌కు దొరకని తప్పు: ఏ విమర్శకుడూ అనని మాటను పెద్ద పేరుతో రాయడం. పేజీ నంబరు చూపించలేని ఉటంకింపును కొట్టేయాలి.

లెక్చరర్ ఉద్యోగానికి దారి నెట్ లేదా రాష్ట్ర స్థాయి సెట్. నెట్‌కు పీజీలో 55 శాతం కావాలి, రిజర్వేషన్ వర్గాలకు 50. మొదటి పేపర్ 50 బిట్లు, రెండోది 100, ఒక్కోదానికి రెండు మార్కులు, కలిపి మూడు గంటలు. అంటే బిట్‌కు 72 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ వదలకూడదు. ఇంగ్లిష్ సిలబస్ పది యూనిట్లు: నాటకం, కవిత్వం, కల్పన, వచనం, భాష, భారతదేశంలో ఇంగ్లిష్, సాంస్కృతిక అధ్యయనాలు, విమర్శ, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి సిద్ధాంతం, పరిశోధన పద్ధతులు. కోచింగ్ నోట్సు తేదీల మీద, కాలక్రమం మీద బలంగా ఉంటాయి. మొదటి నాలుగు యూనిట్లను పాసేజీల ద్వారా కూడా పరీక్షించాలని సిలబస్‌లోనే రాసి ఉంది. పాసేజీ దగ్గర జాబితాలు పనికిరావు, అక్కడ పనికొచ్చేది 73వ సానెట్‌ను చదివిన పద్ధతే.

ఏ ప్రతి కొనాలి

ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో పాత పుస్తకాలు ఉచితం. కానీ వాటిలో చాలావాటికి వివరణలు ఉండవు, పాదాల సంఖ్యలు ఉండవు. షేక్‌స్పియర్‌కు ఇది పెద్ద లోటు. కింగ్ లియర్ 1608 క్వార్టోలో (విడి నాటకంగా వచ్చిన చిన్న సైజు ప్రతి) ఉన్న దాదాపు 300 పాదాలు 1623 ఫోలియోలో (నాటకాలను కలిపి వేసిన పెద్ద సైజు ప్రతి) లేవు, ఫోలియోలో ఉన్న సుమారు 100 పాదాలు క్వార్టోలో లేవు. హామ్లెట్‌కు మూడు పాత ప్రతులున్నాయి. గైడులో ఉటంకించిన పాదం చేతిలోని పుస్తకంలో కనబడకపోతే అది పుస్తకం తప్పు కాకపోవచ్చు. నాటకాలకు ఆర్డెన్ లాంటి సటిప్పణ ముద్రణ, నవలలకు నార్టన్ క్రిటికల్ ఎడిషన్ లాంటివి సెకండ్ హ్యాండ్‌లోనైనా కొనడం మంచిది. కొత్తవి ఖరీదు కాబట్టి క్లాసులో నలుగురు కలిసి తలో పుస్తకం కొని మార్చుకోవచ్చు. అప్పుడు రాసుకునే గుర్తులు పెన్సిల్‌తోనే ఉండాలి, ఏ ముద్రణ వాడారో అసైన్‌మెంటు చివర గ్రంథసూచిలో తప్పక రాయాలి.